భీమిలిలో బాగుచేసిన బంగళా... కొనమంటారా?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో నాలుగు సముద్రం పక్కన ఇళ్ల గురించే. మొదటి ఉత్తరానికి జవాబు కాస్త పెద్దదైంది, ఎందుకంటే అందులో ఉన్న తొందర చూస్తే నాకు కంగారు వేసింది.

ప్రశ్న: నమస్కారం సార్. మేం హైదరాబాద్‌లో ఉంటాం. మావారు వచ్చే ఏడాది రిటైర్ అవుతున్నారు. మా అత్తగారిది విజయనగరం వైపు కాబట్టి చివరి రోజులు సముద్రం దగ్గర గడపాలని ఆయనకు ఎప్పటినుంచో కోరిక. భీమిలిలో ఒక పాత బంగళా అమ్మకానికి ఉందంటే వెళ్లి చూశాం. 420 గజాల స్థలం. ముందు హాలు, రెండు గదులు వాళ్ల తాతగారు 1938లో కట్టించారట, టేకు దూలాల మీద మద్రాస్ టెర్రస్. వెనక వంటిల్లు, ఇంకో గది మీద 1985లో స్లాబు వేశారు. ఏడాది కిందట మొత్తం బాగుచేయించారు. ఫాల్స్ సీలింగ్, కింద పెద్ద పెద్ద టైల్స్, గోడలకు పుట్టీ, కొత్త బాత్రూములు, మాడ్యులర్ కిచెన్, వరండాకు అద్దాలు, మేడ మీద సముద్రం కనిపించేలా కొత్తగా ఒక గది. బీచ్‌కి ఐదు నిమిషాల నడక. ధర కోటీ 85 లక్షలు. అమ్మేది నలుగురు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, అందులో ఒకాయన అమెరికాలో ఉన్నారు. ఇంకో ఇద్దరు పార్టీలు తిరుగుతున్నారు, వారంలోగా పది లక్షలు అడ్వాన్స్ ఇస్తే అగ్రిమెంటు రాసేద్దాం అంటున్నారు. ఇల్లు చూశాక మా ఇద్దరికీ నిద్ర పట్టడం లేదు. కొనమంటారా?
(ఓ పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: అమ్మా, ముందు ఆ పది లక్షలు ఆపండి. ఇల్లు వద్దని నేను చెప్పడం లేదు, 1938 నాటి బంగళా బాగుండి ఉంటే దానంత చల్లటి ఇల్లు ఇవాళ ఎంత డబ్బు పోసినా కట్టలేం. కానీ మీ ఉత్తరంలో మీరు మెచ్చుకున్నవన్నీ పైపైన వేసినవే, సీలింగ్, టైల్స్, పుట్టీ, అద్దాలు. వాటి వెనక ఏముందో మీకు ఎవరూ చూపించలేదు, చూడాలని మీకూ తోచలేదు, అందమైన ఇంట్లో ఎవరికీ తోచదు.

సముద్రం పక్కన ఇంటిని తినేది ఉప్పు. గాలిలో కంటికి కనపడని తుంపర రోజూ వచ్చి గోడల మీద, కిటికీల మీద, పిట్టగోడ మీద వాలుతుంది. అది కాంక్రీటు లోపలికి మెల్లగా దిగి రాడ్డును చేరితే తుప్పు మొదలవుతుంది, తుప్పు పట్టిన ఇనుము అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు అడుగుతుంది, ఆ ఒత్తిడికి కాంక్రీటు లోపలినుంచే పగిలి పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది. అందుకే కాంక్రీటు కట్టడాలకు మన దేశపు ప్రమాణం ఐఎస్ 456 సముద్రపు గాలి నేరుగా తగిలే కట్టడాలకు కనీసం ఎం30 కాంక్రీటు (ఎం పక్కన అంకె పెరిగేకొద్దీ బలం ఎక్కువ), రాడ్డు మీద 45 మిల్లీమీటర్ల కవరింగ్ ఉండాలంటుంది, తుంపర నేరుగా కొట్టే చోటైతే ఎం35, 50 మిల్లీమీటర్లు. 1985లో ఊళ్లో మేస్త్రి వేసిన స్లాబుకు అంత కవరింగ్ ఉండే అవకాశం తక్కువ. ఆ రోజుల్లో దగ్గర్లో దొరికింది కదా అని సముద్రపు ఇసుకను కడక్కుండానే కలిపిన ఇళ్లూ నేను చూశాను, అలాంటి చోట ఉప్పు బయటినుంచి రానక్కర్లేదు, మొదటి రోజునుంచీ లోపలే ఉంటుంది.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే కలవరపెట్టిన మాట ఫాల్స్ సీలింగ్. కొన్నేళ్ల కిందట నాకు తెలిసిన ఒక మాస్టారి కోసం ఇలాంటి ఇల్లే చూడటానికి వెళ్లాను. తెల్లగా మెరిసిపోతోంది. హాల్లో ఒక లైటు బిగించిన గుండ్రటి కన్నం ఉంది, ఆ లైటును మెల్లగా కిందికి లాగి, సందులోంచి ఫోన్ టార్చి వేసి చూశాం. పైన స్లాబు అడుగున అరచేయి మేర పెచ్చు ఊడి ఉంది, అందులో కనిపించిన రాడ్డు పొరలు పొరలుగా విచ్చుకుని ఉంది, వేలితో తాకితే ఎర్రటి రేకులు సీలింగ్ బోర్డు మీద రాలాయి. బోర్డు మీద అప్పటికే గుప్పెడు తుప్పు పోగై ఉంది. కింద నుంచుని చూస్తే ఒక్క మరక లేదు. మాస్టారు ఏమీ మాట్లాడలేదు, చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశారు.

కాబట్టి మీరు మళ్లీ వెళ్లినప్పుడు సీలింగ్ రెండు మూడు చోట్ల తీయించి చూపించమని అడగండి. జిప్సం బోర్డు ముక్క మళ్లీ అతికించడం ఒక పూట పని, ఆ ఖర్చు మీరే ఇస్తామని చెప్పండి. అంతకు మించి నిజాయితీగా అడగడం ఉండదు. దానికీ ఒప్పుకోకపోతే ఆ ఇంటి మీద ఆశ వదులుకోండి.

వెళ్లేటప్పుడు ఒక స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను వెంట తీసుకెళ్లండి, మీకు ఆ ఇల్లు చూపించిన బ్రోకరు పంపే మనిషి వద్దు. ఆయన చిన్న సుత్తితో స్లాబు అడుగున, సన్‌షేడ్ల మీద, మెట్ల కింద తట్టుకుంటూ పోతాడు. గట్టిగా ఉన్నచోట ఠంగున మోగుతుంది, లోపల విడిపోయిన చోట డబ్బా మీద కొట్టినట్టు బోలుగా వినిపిస్తుంది, ఈ తేడా మీ చెవికీ తెలుస్తుంది. ఒక మూల చిన్న ముక్క పగలగొట్టి ఫినాల్ఫ్తలీన్ అనే రసాయనం చల్లితే ఆరోగ్యంగా ఉన్న కాంక్రీటు గులాబీ రంగుకు తిరుగుతుంది, సత్తువ పోయిన భాగం రంగు మారదు. రంగు మారని భాగం రాడ్డు దాకా వెళ్లిందంటే ఇనుముకు రక్షణ పోయినట్టే. అయితే ఉప్పు ఎంత ఉందో ఈ పరీక్ష చెప్పదు, దానికి డ్రిల్లుతో కాంక్రీటు పొడి తీసి ల్యాబుకు పంపాలి, సివిల్ ల్యాబ్ ఉన్న ఇంజినీరింగ్ కాలేజీలు కొన్ని ఈ పని చేస్తాయి. మీరు పెట్టబోయే కోటీ 85 లక్షల ముందు ఈ ఖర్చు లెక్కలోకి రాదు.

ఇక ముందు హాలు. మద్రాస్ టెర్రస్‌లో రాడ్లు ఉండవు, టేకు దూలాల మీద సన్న ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో కట్టేవాళ్లు, అందుకే దానికి తుప్పు బాధ లేదు. దాని ప్రాణం దూలాల చివర్లలో ఉంటుంది. దూలం మధ్యలో ఎంత నిగనిగలాడినా గోడలోకి దూరిన కొస చెమ్మ పీల్చి మెత్తబడుతుంది, చెదలు మొదట పట్టేదీ అక్కడే. సముద్రం వైపు గోడలో ఉన్న దూలాల కొసల దగ్గర స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడమనండి. దిగకుండా గట్టిగా ఆపితే మంచిది, వెన్నలో దిగినట్టు దిగితే ఆ దూలం మార్చాల్సిందే.

గోడల సంగతి ఇంకా సున్నితమైంది. 1938 నాటి గోడ సున్నపు గోడ. అది లోపలికి చెమ్మ పీలుస్తుంది, ఎండ రాగానే వదిలేస్తుంది, ఎనభై ఏళ్లకు పైగా అలా బతికింది. దాని మీద సిమెంటు ప్లాస్టరింగ్, ఆపైన పుట్టీ, ఆపైన ప్లాస్టిక్ పెయింటు వేస్తే లోపలి తడి బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. ఆ తడి ఉప్పును మోసుకుంటూ పైకి పాకి, నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తులో ఎక్కడో ఒకచోట రంగును ఉబ్బిస్తుంది. పనులై ఏడాదే అయింది కాబట్టి బయటపడి ఉండకపోవచ్చు. బీరువాల వెనక, మంచం తలవైపు, కిచెన్ సింకు కింద అలమారా తలుపు తీసి చూడండి, ముక్కుతో కూడా చూడండి. గోడకు అరచేయి ఆనించి తీస్తే తెల్లటి పొడి అంటిందంటే అది ఉప్పు. వీలైతే అక్టోబరు, నవంబరు నెలల్లో, రెండు రోజులు ముసురు పట్టాక వెళ్లండి. ఎండాకాలంలో భీమిలిలో ప్రతి ఇల్లూ బాగానే కనిపిస్తుంది.

వరండాకు అద్దాలు బిగించారని మీరు సంతోషంగా రాశారు, నాకు మాత్రం అది చదివి మనసుకు కష్టమనిపించింది. ఆ వరండా కూర్చోవడానికి మాత్రమే కట్టింది కాదమ్మా. ఉప్పు గాలి, ఏటవాలు వాన అసలు గోడకు తగలకుండా ఆపడానికి, లోపలి గదుల్లోకి గాలి ఆడటానికి కట్టారు. దాన్ని మూసేస్తే ఏసీ లేకుండా ఆ ఇంట్లో ఉండలేరు. కొంటే మొదట తీయించాల్సింది ఆ అద్దాలే.

ఇంకో ప్రశ్న అడగండి, ఇది ఇంటివాళ్లను కాదు, పక్కింటి వాళ్లను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఈ ఇంటికి ఏమైంది? ఆ రోజు గంటకు 180 కిలోమీటర్ల పైచిలుకు గాలి విశాఖ తీరాన్ని ఊపేసింది, ఈ ప్రాంతంలో ఇల్లున్న ప్రతి ఒక్కరికీ ఆ మధ్యాహ్నం గంట గంటా గుర్తుంటుంది. ఏ గోడ పడింది, ఏ కప్పు లేచింది, నీళ్లు గుమ్మం దాకా వచ్చాయా, తర్వాత ఏం మరమ్మతు చేశారు అన్నీ పక్కింటి అవ్వ చెబుతుంది. ఏ రిపోర్టుకన్నా ఆ మాట విలువైనది.

ఇప్పుడు మేడ మీది గది. మీకు అన్నిటికంటే నచ్చింది అదే అని అర్థమైంది, మీకు ఎక్కువ ప్రమాదం ఉన్నదీ అందులోనే. పెద్ద పోటు గీత, అంటే పెద్ద పోటులో సముద్రపు నీళ్లు చేరే హద్దు, నుంచి లోపలికి 500 మీటర్ల దాకా తీర నియంత్రణ జోన్ నిబంధనలు, అంటే సీఆర్‌జెడ్, వర్తిస్తాయి. 1991లో మొదలై 2011లో, 2019లో మారుతూ వచ్చాయి. ఐదు నిమిషాల నడక అంటే మీరు దాదాపు కచ్చితంగా ఆ 500 మీటర్ల లోపలే ఉన్నారు. భీమిలిలో గోస్తని నది సముద్రంలో కలుస్తుంది, పోటు నీళ్లు ఎక్కే ఏటి గట్టున కూడా ఈ నిబంధనలు కొంత దూరం దాకా ఉంటాయి, ఇది చాలామందికి తెలియదు. పట్టణంగా ఎదిగిన ప్రాంతాన్ని ఒక రకంగా, పల్లె ప్రాంతాన్ని ఇంకో రకంగా చూస్తారు. పట్టణ కేటగిరీలో అయితే ముందునుంచీ ఉన్న రోడ్డుకో, అనుమతి ఉన్న పాత కట్టడానికో లోపలివైపు కట్టుకోవచ్చు. పల్లె కేటగిరీలో అయితే 200 మీటర్ల దాకా, జనసాంద్రత ఎక్కువున్నచోట 2019 నిబంధనల ప్రకారం 50 మీటర్ల దాకా, కొత్త నిర్మాణం నిషేధం. అనుమతి ఉన్న పాత ఇంటిని బాగు చేసుకోవచ్చు కానీ విస్తీర్ణం పెంచకూడదు. మేడ మీద గది అంటే పెంచడమే కదా. 1985 స్లాబు 1991 కంటే ముందుది కాబట్టి సీఆర్‌జెడ్ వైపునుంచి దానితో పేచీ తక్కువ, దానికి మున్సిపాలిటీ ప్లాన్ ఉందో లేదో మాత్రం అడగాలి. కొత్త గదికి ప్లాన్ అప్రూవల్, సీఆర్‌జెడ్ క్లియరెన్స్ రెండూ కాగితం మీద చూపించమనండి.

"పక్కవాళ్లందరూ కట్టారు, ఎవరూ అడగరు" అని మీకు చెబుతారు. కేరళలో కొచ్చి దగ్గర మరడు అనే చోట నాలుగు అపార్ట్‌మెంట్ కాంప్లెక్సులకు స్థానిక పంచాయతీ అనుమతి ఇచ్చింది, జనం కొనుక్కుని కాపురాలు పెట్టారు. సీఆర్‌జెడ్ ఉల్లంఘన అని 2019లో సుప్రీంకోర్టు కూల్చమంది, 2020 జనవరి 11, 12 తేదీల్లో నాలుగూ నేలకూలాయి. అక్కడ కొనుక్కున్న వాళ్ల దగ్గరా రిజిస్టరైన డాక్యుమెంట్లే ఉన్నాయి. ఇంకో మాట, దగ్గర్లో కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం ఏదైనా ఉంటే దాని చుట్టూ 100 మీటర్లు నిషిద్ధం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. డచ్చివాళ్ల కాలం నుంచీ ఉన్న ఊరు కాబట్టి ఇది కూడా అడిగి తెలుసుకోండి.

కాగితాల దగ్గరికి వస్తే, అమ్మేది నలుగురు అన్నారు, బాగానే ఉంది. కానీ కట్టించింది వాళ్ల తాతగారు. ఆయన 1956 హిందూ వారసత్వ చట్టం వచ్చాక, వీలునామా రాయకుండా పోయి ఉంటే ఆయన కూతుళ్లకూ కొడుకులతో సమానంగా వాటా వస్తుంది. అంటే ఈ నలుగురి మేనత్తలు. వాళ్లు పోయి ఉంటే వాళ్ల పిల్లలు. "అప్పట్లో పసుపు కుంకుమలకు ఇచ్చేశాం, వాళ్లు ఏమీ అడగరు" అనే మాట రిజిస్ట్రారు ఆఫీసులో చెల్లదు. వీలునామా గానీ, రిజిస్టరైన పంపకాల దస్తావేజు గానీ, మేనత్తల వైపునుంచి హక్కు విడుదల దస్తావేజు గానీ ఉండాలి. నాకు ఇలాంటి ఇళ్ల తగాదాలు చాలా తెలుసు, పది కేసుల్లో ఎక్కువ భాగం ఈ మేనత్తల వాటా దగ్గరే పుట్టినవి. ఈసీ, అంటే ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే పత్రం, 1983 నుంచి ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, అంతకు ముందుది సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో అడిగి తీయించాలి, ఇంత పాత ఇంటికి తప్పకుండా తీయించండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని ఆస్తుల జాబితాలో, ఉందేమో అదే ఊపులో చూడండి.

అమెరికాలో ఉన్నాయన జీపీఏ, అంటే తన తరఫున సంతకం పెట్టే అధికారపత్రం, పంపిస్తారంటే, అక్కడి భారత కాన్సులేట్ గానీ నోటరీ గానీ ధ్రువీకరించి ఉండాలి, ఇక్కడికి వచ్చిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి. రిజిస్ట్రేషన్ నాడు ఆయన వీడియో కాల్‌లో మీతో మాట్లాడితే మీకూ నిశ్చింత. ఆయన వాటా మీద మీరు కోయాల్సిన టీడీఎస్ (అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి ముందే కోసి కట్టే ఆదాయపు పన్ను) మిగతా ముగ్గురిలా 1 శాతం ఉండదు, చాలా ఎక్కువ. కోయకపోతే బాధ్యత కొనేవాళ్ల మీద పడుతుంది, కాబట్టి ఆడిటర్‌ను అడక్కుండా చెక్కు రాయకండి. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం, మీరు రాసిన ధర మీద దాదాపు 13 లక్షల 90 వేలు. ఇది మీ బడ్జెట్‌లో ఉందా?

చివరగా ఆ వారం గడువు. మీకు డబ్బు అవసరం లేకపోయినా కొంత బ్యాంకు లోనుకు దరఖాస్తు పెట్టండి, వాళ్ల లాయరు, వాళ్ల ఇంజినీరు ఇంకో రెండు జతల కళ్లతో చూస్తారు. అమ్మేవాళ్లకు నమ్మకం కలగాలంటే లక్ష రూపాయలు చెక్కుగా ఇచ్చి, టైటిల్‌లో గానీ కట్టడంలో గానీ అనుమతుల్లో గానీ తేడా ఉంటే తిరిగి ఇస్తామని రాయించుకుని 45 రోజుల గడువు అడగండి. ఇంకో ఇద్దరు పార్టీలు నిజంగానే ఉంటే, వాళ్లు ఏమీ చూడకుండా కొనేస్తే, కొనుక్కోనివ్వండి. మీవారి రిటైర్‌మెంట్ డబ్బు ఒక్కసారే వస్తుంది.

ప్రశ్న: కాకినాడ నుంచి ఉప్పాడ వెళ్లే దారిలో తీరానికి వంద మీటర్ల లోపల ఒక డాబా ఇల్లు చవకగా వస్తోంది. బాగా రిపేరు చేశారు. సముద్రం ఇంకా ముందుకు వస్తుందా?
(ఓ పాఠకుడు, కాకినాడ)

జవాబు: కాకినాడలో ఉంటూ మీరు ఈ ప్రశ్న అడుగుతున్నారంటే జవాబు మీకు తెలుసనే అనుకుంటాను. ఉప్పాడలో ఎన్ని ఇళ్లు, గుళ్లు సముద్రంలో కలిసిపోయాయో, బీచ్ రోడ్డు ఎన్నిసార్లు కోసుకుపోయిందో ఊళ్లో పెద్దవాళ్లు వేళ్లమీద లెక్కపెట్టి చెబుతారు. తూర్పు తీరంలో ఇసుక మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. మధ్యలో హార్బరు గోడలాంటిది ఏదైనా అడ్డం వస్తే దానికి దక్షిణాన ఇసుక మేట వేస్తుంది, ఉత్తరాన తీరం కోతకు గురవుతుంది. విశాఖ ఆర్కే బీచ్‌కు పోర్టు వాళ్లు డ్రెడ్జింగ్ చేసిన ఇసుకను తెచ్చి పోయాల్సి వచ్చేది ఇందుకే. మీ ఇల్లున్న చోటు గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఫోటోలు ఒక్కొక్కటే వెనక్కి జరిపి చూడండి, ఒడ్డు ఎక్కడ ఉండేదో ఇప్పుడెక్కడ ఉందో మీ కళ్లకే కనపడుతుంది. చెన్నైలోని జాతీయ తీర పరిశోధన కేంద్రం తీరం ఎక్కడెక్కడ కోసుకుపోతోందో మ్యాపులు వేసింది, అవీ చూడండి. రిపేరు ఎంత బాగా చేసినా కింద నేల జారిపోతుంటే ఉపయోగం లేదు. ఈ ఇల్లు వద్దు.

ప్రశ్న: అన్నయ్య గారూ, మేం డల్లాస్‌లో ఉంటున్నాం. అమ్మ కోసం విశాఖ, భీమిలి మధ్య బీచ్‌కి దగ్గరగా ఇల్లు కొందామని. ఒకరు ఫామ్‌హౌస్ చూపించారు, రెడీగా ఉంది, అర ఎకరం తోటతో. ఏడాదిలో ఆరు నెలలు మూసే ఉంటుంది. జాగ్రత్తలు చెప్పండి.
(ఓ చెల్లెలు, అమెరికా)

జవాబు: చెల్లెమ్మా, ఇల్లు కొనుక్కోవచ్చు, అడ్డం లేదు. కానీ ఎన్ఆర్ఐలు గానీ ఓసీఐ కార్డున్నవాళ్లు (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లు) గానీ వ్యవసాయ భూమి, తోట, ఫామ్‌హౌస్ కొనడానికి ఫెమా, అంటే విదేశీ మారక చట్టం, నిబంధనలు ఒప్పుకోవు. ఆ అర ఎకరం రికార్డుల్లో వ్యవసాయ భూమిగా ఉంటే మీ పేరున వద్దే వద్దు. లేఅవుట్‌లోనో, గ్రామకంఠంలోనో ఉన్న ఇల్లు చూడండి.

మూసి ఉంచిన ఇల్లు సముద్రం దగ్గర ఇంకా వేగంగా పాడవుతుంది, ఇది మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. వారానికి ఒకసారైనా ఎవరో ఒకరు తలుపులూ కిటికీలూ తెరిచి గాలి ఆడనివ్వాలి, నమ్మకమైన మనిషి దొరకకపోతే కొనడమే వాయిదా వేయండి. చూడటానికి వెళ్లినవాళ్లను కిటికీ బందుల స్క్రూలు దగ్గరనుంచి ఫోటో తీసి పంపమనండి, రంగు వేసిన తలుపు అబద్ధం చెబుతుందేమో గానీ స్క్రూ తల చెప్పదు. గ్రిల్లుకు స్టెయిన్‌లెస్ స్టీల్ వేశామంటే 304నా 316నా అని అడగండి, సముద్రపు గాలికి నిలిచేది 316. ఏసీ బయటి యూనిట్లను నెలకోసారి మంచినీళ్లతో కడిగించాలి. బోరు నీళ్లు సీసాలో పట్టి పరీక్షకు ఇవ్వండి, తాగే నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే దారి లేనప్పుడు 2000 దాకా. అంతకు మించితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు, కుళాయిలు, గీజరు కూడా తొందరగా పోతాయి. ఏప్రిల్, మే నెలల్లో పట్టిన నీళ్లే పరీక్షకు ఇవ్వండి, వానలు పడ్డాక బోరు తియ్యగానే ఉంటుంది. అమ్మగారు ఒక్కరే ఉంటారా? అయితే ఆసుపత్రికి ఎంత దూరమో, రాత్రిపూట ఆటో దొరుకుతుందో లేదో ఇంటికంటే ముందు చూడండి.

ప్రశ్న: సార్, మచిలీపట్నంలో మా అమ్మగారి పాత పెంకుటిల్లు, ముందు బంగళా భాగం సున్నపు గోడలతో ఉంది. అమ్మేద్దామనుకుంటున్నాం. బ్రోకరు పుట్టీ, ఫాల్స్ సీలింగ్, టైల్స్ చేయిస్తే మంచి ధర వస్తుందంటున్నాడు. చేయించమంటారా?
(ఓ పాఠకుడు, మచిలీపట్నం)

జవాబు: వద్దు తమ్ముడూ. పైన రాసిన పాఠకురాలి ఉత్తరం ఒకసారి మళ్లీ చదవండి, రేపు మీ ఇంటిని చూడటానికి వచ్చేది అలాంటి వాళ్లే.

డబ్బు పెట్టేదేదో కప్పు మీద పెట్టండి. పగిలిన బెంగుళూరు పెంకులు మార్చండి, పుచ్చిన వాసాలు తీసి కొత్తవి వేయించండి, వాన నీరు గోడ మొదట్లో నిలవకుండా చుట్టూ కాలువ తీయించండి. గోడలో ఉబ్బిన చోట మాత్రమే పాత పూత గీకి, మళ్లీ సున్నంతోనే పూయించండి. సున్నం పని తెలిసిన తాపీ మేస్త్రులు తగ్గిపోయారు కానీ లేకుండా పోలేదు, పాత గుళ్ల మరమ్మతులు చేసేవాళ్లను అడిగితే దొరుకుతారు. సున్నాన్ని రోజుల తరబడి నీళ్లలో నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో తిప్పి, బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు పోసి చేసేవాళ్లు ఇదివరకు. అలా చేసిన పూతను చేత్తో రుద్దితే పాలరాయి మీద రుద్దినట్టు ఉంటుంది. ఆపైన వెల్ల వేయించండి చాలు. పుట్టీ కంటే ఖర్చు మరీ ఎక్కువేమీ కాదు, ఇల్లు ఊపిరి పీల్చుకుంటుంది. నేలకు ఎర్ర గచ్చు ఉంటే దాన్ని తవ్వి టైల్స్ వేయకండి, కింది చెమ్మకు దారి లేక గోడల్లోకి ఎక్కుతుంది, పగుళ్లు మాత్రం పూడ్చి మెరుగు పట్టించండి.

పని మొదలుపెట్టే ముందు ప్రతి గోడ, ప్రతి దూలం ఫోటో తీయండి, పని మధ్యలో తీయండి, అయ్యాక తీయండి. ఏ వాసం మార్చారు, ఏ మూల లీకు ఉండేది, ఎవరు చేశారు, ఎంతైంది ఒక నోటుపుస్తకంలో రాసి, అమ్మగారి పేరున ఉన్న దస్తావేజులతో పాటు అదే కవరులో పెట్టి కొనేవాళ్ల చేతికివ్వండి. మీరు అడిగిన ధరకు ఎవరైనా బేరమాడితే ఆ పుస్తకం తెరిచి చూపించండి.